మక్తల్‌లో ఆగిన సాక్ష్యం

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండకాలం నన్ను మక్తల్ చుట్టుపక్కల క్రైస్తవ సంఘాలకు పర్యవేక్షకుడిగా వేశారు. పేరు పెద్దది. పని మాత్రం, ఏ సంఘంలో ఎవరు ఏం బోధిస్తున్నారో విని, బైబిలు వాక్యం తప్పితే ఆపడం. కొత్తకోటలో కిరాణం కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. మూట విప్పి చూడనిదే సరుకు దించుకోని గుణం నాది. బైబిలు కళాశాల కూడా దాన్ని మాన్పించలేకపోయింది.

అప్పుడు ఒక బయటి బోధకుడు అక్కడ కూటాలు పెడుతున్నాడు. నూనె రాసి ప్రార్థించాక మందు ముట్టుకుంటే అవిశ్వాసమని అతని బోధ. స్వస్థత కోసం మేమూ ప్రార్థిస్తాం. మందు మానమని మాత్రం చెప్పం. గొర్లు కాసే ఇంటి నుంచి వచ్చి బాప్తిస్మం తీసుకున్న మార్తమ్మ అప్పటికే షుగరు బిళ్ళలు మానేసింది. ఆదివారం ఆరాధనలో ఆమె చేత సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు సంఘం ముందు చెప్పడం, ఇప్పించాలని అతని ఏర్పాటు. నేను వాళ్లింటికి పోయేసరికి ఆమె కాలి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. ముల్లు దిగిందట. పుండు వాసన వాకిట్లోకే వచ్చింది.

వద్దంటే వినదని తెలిసి బేరానికి దిగాను. కుష్ఠురోగులను పోయి యాజకులకు చూపించుకోమని ప్రభువే అన్నాడు కదా, ఇప్పుడు ఆ చూసే పని దవాఖానది, అక్కడ బాగైందంటే మైకు నేనే పట్టుకుంటానన్నాను. ఆమె సాక్ష్యం చెప్పి సోమవారం పోతానంది. నేను శనివారమన్నాను. నేను బేరం కొట్టులో నేర్చుకుంటే ఆమె గొర్ల సంతలో నేర్చింది.

"శనివారమే పోత అయ్యగారు. మీరు రావాలె, ఆయన గూడ రావాలె. ఎవరి మాట నిజమో ఆడనే తేలుతది."

శనివారం బోధకుణ్ణి పిలవడానికి కుంటుకుంటూ తనే వచ్చింది. అతను రానన్నాడు. పరీక్ష చేయించుకోవడమంటేనే దేవుణ్ణి శోధించడమన్నాడు.

"గొర్రెనమ్మెటోడు నోరు తెరిచి పండ్లు చూపియ్యనంటె మేం కొనమయ్యా," అని మార్తమ్మ నా వైపు తిరిగింది. "ఆటో మాట్లాడున్రి."

దవాఖానలో ఆ పూటే చేర్చుకున్నారు. వేలు తీసేశారు, పాదం దక్కింది. ఆమెకు విశ్వాసం చాలలేదని బోధకుడు కబురు పంపాడు. మా నాయిన కొట్టులో సరుకు చెడితే మార్చి ఇచ్చేవాడు. ఈయన కొట్టులో సరుకు చెడితే కొన్నవాళ్లదే తప్పు. ఆదివారం ఆ మాటే చెప్పి, మా సంఘాల్లో అతనికి ఇక ప్రసంగపీఠం లేదని ప్రకటించాను. కొన్ని కుటుంబాలు లేచి అతని వెంట పోయాయి. బతిమాలలేదు.

అప్పటినుంచి స్వస్థత సాక్ష్యం డాక్టరు చూశాకే చెప్పాలని నియమం పెట్టాం. నేను రిటైరయ్యే ఏడు, ప్రార్థనతో నా నడుంనొప్పి పోయిందని సాక్ష్యం మొదలుపెట్టగానే ముందు వరుసలోంచి మార్తమ్మ ఆపింది.

"దవాఖానల చూపిచ్చుకున్నరా అయ్యగారు?"

చూపించుకోలేదు. కూర్చున్నాను.

తప్పుడు బోధను వాదనతో గెలవడం అరుదు. పరీక్షకు నిలబడమని అడగాలి. నిలబడనిదాన్ని, ఎవరి నోట వచ్చినా, పీఠం ఎక్కనివ్వకూడదు.