సీసా కడిగిన నీళ్లు

నాచారంలో మా మేడ మీది గదిలో ఒక పిల్ల అద్దెకుండేది. బొగ్గు గనుల పక్క పొలాల నీళ్లు పట్టుకొచ్చి, ఉప్పల్‌లోని ల్యాబులో పరీక్షించడం ఆమె ఉద్యోగం. మా పుట్టినూరి దగ్గరా గని పడిందని తెలిసి, ఒకసారి నన్నూ జీపులో తీసుకుపోయింది.

మా నాయన తవ్వించిన బావి కింద ఇప్పుడు తమ్ముడు వరి వేస్తున్నాడు. తాగడానికి మాత్రం డబ్బా నీళ్లు కొంటున్నాడు. బావి పెట్టుకుని నీళ్లు కొనడమేమిటని వాణ్ని తిట్టాను. ఆ బావి నీళ్ల రుచి ఇన్నేళ్లూ నా నోట్లోనే ఉంది.

ఆమె సీసాలో నీళ్లు పట్టి, గలగలా ఆడించి, నా కాళ్ల దగ్గర పారబోసింది. మళ్లీ పట్టి, మళ్లీ పారబోసింది.

“ఏందే పిల్లా, మా నీళ్లు నీకంత అగ్గువైనయా?”

“గట్ల కాదవ్వా. సీసాకు ముందుగాల మీ బాయి నీళ్లు అలవాటు గావాలె. అప్పుడే అబద్ధం జెప్పదు,” అని నవ్వింది. ఏ ఊరి బావి దగ్గరైనా ఆమెది అదే పనట, అదే మాటట.

నేను తాగడానికి దోసిలి ముంచబోయాను. చటుక్కున చెయ్యి పట్టుకుంది.

“జర ఆగవ్వా. రిపోర్టు రానీ, నేనే తాపిస్త.”

రిపోర్టు వచ్చిన సాయంత్రం మెట్లు దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. “తాగొద్దవ్వా,” అంది. ఆ రోజు నవ్వలేదు.

తర్వాత ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోయింది. నల్లా దగ్గర ఎవరైనా సీసా ఆడించిన చప్పుడైతే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. దుబారా అని నేను కసిరిన ఆ నీళ్లు నా పాదాలు తడిపాయి. మా బావి నీళ్లలో నాకు దక్కింది అంతే.