ఖాజా సార్ విన్న మెయిల్

ఈ ఉదయం మా వీధిలో పత్తి లారీ ఆగింది. ఆ దూది దుమ్ము వాసనకు ఆదోని జిన్నింగు మిల్లు ఆఫీసు, అందులో మా మేనేజరు ఖాజా సార్ గుర్తుకొచ్చారు. నాకు మెయిల్ రాయడం నేర్పింది ఆయనే. రోజూ డైరీ రాసే నాకు గీతలు, వరుసలు అంటే ఇష్టం. పత్తి రకం, తేమ వివరాలను స్పేసులు కొట్టి నిలువు వరుసల్లో పేర్చి, కొనుగోలుదారులకు పంపే ముందు ఆయనకు గర్వంగా చూపించాను. ఆయన దాన్ని తన కంప్యూటరుకు పంపించుకుని, అందులో ఉన్న వేరే మెయిల్ ప్రోగ్రాములో తెరిచారు. తేమ కింద ఉండాల్సిన అంకెలు రకం కిందికి జరిగిపోయి ఉన్నాయి. "ఏమప్పా, నీ అంకెలు ఆదోనిలో బస్సెక్కి ఆలూరులోనే దిగిపోయినాయే!" అని నవ్వారు. "నీ తెర మీద అందం నీకే. అవతలాయన యాడ తెరుస్తాడో, దేంట్లో తెరుస్తాడో నీకేం తెలుసు? ఒక్కో సంగతి ఒక్కో లైన్లో రాయి. ముఖ్యమైంది మొదటే సెప్పు."

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అలాగే రాశాను. రిటైరయ్యాక, మిల్లులో పనిచేసిన పాతవాళ్లందరికీ కబుర్లు పంపే పని నాకు అప్పగించారు. సరిదిద్దేవారు లేకపోయేసరికి పాత సరదా తిరిగొచ్చింది. మా ఫిట్టరు యేసన్న పోయినప్పుడు పైన మూడు వరుసల నక్షత్రపు గుర్తులు, మధ్యకు జరిపిన శీర్షిక, మళ్లీ నక్షత్రాలు పెట్టి, ఆ తర్వాతే కబురు రాశాను. ఖాజా సార్‌కు చూపు పోయిందని, మెయిల్ వస్తే ఫోను చదివి వినిపిస్తుందని నాకు తెలుసు. అయినా ఫోను చేసి చెప్పలేదు. మెయిల్ పంపాను కదా అనుకున్నాను. సమాధి కార్యక్రమానికి ఆయన రాలేదు.

తర్వాతి వారం ఎమ్మిగనూరులో వాళ్లింటికి వెళ్తే, "యేసన్న ఎట్లున్నాడప్పా?" అని అడిగారు. "పోయిన వారమే పోయినాడు సార్. మెయిల్ పెట్టినా గదా," అన్నాను. ఆయన ఫోను తీసి వెతికి పెట్టారు. "స్టార్, స్టార్, స్టార్..." ఆ గొంతు ఆగకుండా చదువుతూనే ఉంది. "ఇదా? ఏదో లాటరీవాళ్లదనుకుని ఆపేసినానప్పా," అన్నారు. నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండు. ఈసారి కడదాకా ఇననియ్యి." నక్షత్రాలన్నీ ఇద్దరం విన్నాం. చివరికి యేసన్న పేరు వచ్చింది. ఆయన తల వంచుకున్నారు. "వాని మొకం ఎట్లాగూ సూడలేను. పిడికెడు మన్నన్నా ఏసొస్తాంటి గదప్పా," అన్నారు.

ఆ నక్షత్రాలు ఎందుకు పెట్టావని ఆయన అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గరున్న జవాబు ఒక్కటే: చూడ్డానికి బాగుంటుందని. ఇప్పుడు ఏ కబురైనా ముందు నాకే పంపుకుని, కళ్లు మూసుకుని ఫోనుతో చదివించుకుంటాను. ప్రతిసారీ తీసేయాల్సింది ఏదో ఒకటి వినబడుతూనే ఉంది.