ఇంటర్వెల్‌కే లేచి వెళ్లిపోయే పెద్దమనిషి

కరోనా తర్వాత సినిమా హాళ్లు మళ్లీ నిలదొక్కుకుంటున్న ఏడు, ఎండాకాలం. మార్కాపురంలో నేను పనిచేసే హాల్లో ఉరిశిక్ష మీద తీసిన థ్రిల్లర్ ఒకటి ఆడుతోంది. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా నేను అక్కడ ఆపరేటర్‌ని, అంటే తెర మీద బొమ్మ వేసేవాణ్ని. హాల్లో అందరికంటే ఎత్తున కూర్చుంటాను, అందరికంటే తక్కువ సినిమా చూస్తాను. రోజుకు నాలుగు ఆటల చొప్పున వారం వేశాక ఎంత పెద్ద హీరో అయినా మన బావమరిదిలాగే కనిపిస్తాడు.

క్యాబిన్ గోడకు పోర్ట్‌హోల్ అని చిన్న అద్దం కిటికీ ఉంటుంది. నేను అందులోంచి తెర కంటే జనాన్నే ఎక్కువ చూస్తాను. ఎవరు కునుకు తీస్తున్నారు, ఎవరు సెల్లు నొక్కుతున్నారు, ఎవరు ఏడుస్తూ పక్కవాళ్లకు తెలియకుండా మొహం తుడుచుకుంటున్నారు, అంతా అక్కణ్నుంచి తెలుస్తుంది. ఆ వారం ఒక పెద్దమనిషి నా కంట్లో పడ్డాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో గొర్రెల కాపరి కర్ర. మ్యాట్నీకి వస్తాడు, ముందు వరసలో కదలకుండా కూర్చుంటాడు, ఇంటర్వెల్ పడగానే లేచి వెళ్లిపోతాడు. మూడు రోజులూ అదే వరస.

సినిమా కథ చెప్తాను. ఒక లారీ డ్రైవర్‌కు చేయని హత్యకు ఉరిశిక్ష పడుతుంది. అతని చెల్లెలు అసలు హంతకుణ్ని వెతుకుతుంటుంది. ఉరి తేదీ ఖాయమైన చోట ఇంటర్వెల్. చివరికి సాక్ష్యం దొరుకుతుంది, ఆర్డరు పట్టుకుని కారు పరుగెడుతుంది, జైలుకు చేరేసరికి ఉరి తీసేసి ఉంటారు. సగం సినిమాకు మూడుసార్లు టికెట్ కొనే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మూడో రోజు ఆగలేక ఇంటర్వెల్‌లో కిందికి దిగాను.

"ఏంది మామా, మా సినిమా అంత బాగలేదా? సగంలోనే పోతన్నావు?" అన్నాను వేళాకోళంగా.

ఆయన నవ్వలేదు. "బాగుంది సాయిబూ. ఆ తర్వాతది చూడలేను" అన్నాడు.

క్యాంటీన్ పక్కన సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాను. పేరు చెన్నకేశవులు. వెలిగండ్ల అవతల పల్లె, గొర్రెలు మేపుకుంటాడు. వకీలు దగ్గరికి రోజూ బస్సెక్కి వస్తున్నాడు. వకీలు సాయంత్రం దాకా కోర్టులో ఉంటాడు కాబట్టి, బస్టాండులో ఉరితాడు పోస్టరు చూసి లోపలికి వచ్చాడు.

"మావోడికి కూడా అదే శిక్ష వేసినారు" అన్నాడు.

ఆ కేసు నాకు తెలుసు. పొలం తగాదాలో బామ్మర్దినీ, అతని భార్యనూ, నాలుగేళ్ల పిల్లనూ చంపిన కేసు. పేపర్లో వచ్చిన రోజు టీ బంకు దగ్గర నిలబడి, "వీణ్ని నాలుగు రోడ్ల కూడల్లో వేలాడదీయాల" అన్నవాళ్లలో నా గొంతే పెద్దది. ఇప్పుడు వాడి నాయన నా ఎదురుగా కూర్చుని, నేనిప్పించిన టీ చల్లారబెట్టుకుంటున్నాడు. నాకు సిగ్గేసింది.

"తప్పు చేసినాడు సాయిబూ. చేయలేదని నేనెక్కడా అనలే. హైకోర్టు ఖాయం చేయాల్నంట. అందాక తాడు జోలికి పోగూడదంట. వకీలు చెప్పినాడు" అన్నాడు. ఆగి, "నా బాధ అది గాదు. వాణ్ని చూసేదానికి జైలుకు, ములాఖత్‌కు పోయినప్పుడల్లా, అమ్మ రాలేదా అంటాడు. నేను ఏదో ఒకటి చెప్తా. ఇంట్లో ఆమె మాత్రం కదలదు. వాని మెడ చూస్తే తాడే కనపడతాదంటది. శిక్ష పడినకాణ్నుంచి ఒక్కసారి కూడా చూడలే" అన్నాడు.

తర్వాత నా వైపు తిరిగి, "ఆ డ్రైవరు పిల్లోడు బతుకుతాడా సాయిబూ, కడాకు?" అని అడిగాడు.

ఆ కళ్లలోకి చూసి నిజం చెప్పడం నా వల్ల కాలేదు. టీ బంకు దగ్గర అన్న మాటకు బాకీ తీర్చుకున్నట్టు, "బతుకుతాడు మామా. చివరి నిమిషంలో ఆర్డరొస్తాది" అనేశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక ముసలాయనకు ధైర్యం చెప్పానని సంతోషంగానే మెట్లెక్కాను.

మర్నాడు మ్యాట్నీ మొదలుపెట్టి పోర్ట్‌హోల్‌లోంచి చూద్దును గదా, ముందు వరసలో ఆయన. పక్కన తల నిండా కొంగు కప్పుకున్న ఒక ఆడమనిషి. ఎందుకు తెచ్చాడో అర్థమైపోయింది. పిల్లోడు బతికేది కళ్లారా చూపిస్తే ధైర్యం వస్తుందనీ, కొడుకును చూడ్డానికి బయలుదేరుతుందనీ భార్యను పల్లె నుంచి తెచ్చాడు. నా మాట నమ్మి తెచ్చాడు.

రీళ్ల కాలమైతే కత్తెర ఉండేది. అక్కర్లేని ముక్క కోసి, టేపు అంటించి నడిపించేవాళ్లం. ఇప్పుడు సినిమా సర్వర్ అనే పెట్టెలో తాళం వేసి వస్తుంది. ఆ తాళం తీసే కోడును కేడీఎం అంటారు. దాంతో బొమ్మ వేయగలం గానీ ఒక్క ఫ్రేము కూడా తీసెయ్యలేం. సర్వర్ మొరాయించిందని ఆట ఆపేద్దామా అని కూడా ఆలోచించాను. ఆపితే ఆయన రేపు మళ్లీ తీసుకొస్తాడు. చూడనిస్తే ఆ తల్లి ఈ జన్మలో కొడుకు మొహం చూడదు. ఎటు చూసినా నేను తవ్విన గొయ్యే.

ఇంటర్వెల్ పడింది. వాళ్లు లేవలేదు. నేనే వెళ్లి బయటికి రమ్మని, అదే బల్ల దగ్గర ఆమె ముందు నిలబడ్డాను.

"అత్తా, మామకు నేను అబద్ధం చెప్పినాను. ఆ పిల్లోడు బతకడు. ఉరి తీస్తారు."

చెన్నకేశవులు మొహం నల్లబడింది. "ఏంది సాయిబూ ఇది? ముసిలోణ్ని, నాతోనా నీ ఆటలు? ఇక వకీలు చెప్పేది గూడా ఇట్లాంటిదేనేమో, నేనెవుర్ని నమ్మేది?" అని కర్రతో నేలను కొట్టాడు.

"వకీలు చెప్పింది నిజమే మామా. అది చట్టంలో ఉంది. కావాల్నంటే కాగితం మీద చూపించమని అడుగు. అబద్ధం చెప్పింది నేనొక్కణ్నే" అన్నాను.

ఆమె పేరు నారాయణమ్మ. అప్పటిదాకా తల ఎత్తలేదు. ఏడుస్తుందనుకున్నాను. నన్ను తిడితే బాగుండుననుకున్నాను. ఆమె అడిగింది వేరే.

"వాళ్లమ్మ ఉంది గదా ఈ బొమ్మలో. ఆమె చూసిందా వాణ్ని, ఉరి తీసేముందు?"

సినిమాలో ఆ తల్లికి ఆఖరి ములాఖత్‌కు కబురొస్తుంది. గుండె చాలక ఆమె రేపు పోదాం, రేపు పోదాం అని రోజులు నెడుతుంది. ఇది చెప్తే ఈమె కూలిపోతుందని భయమేసింది. చూసిందని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ నిన్నటి అబద్ధం ఇంకా ఎదురుగానే నిలబడి ఉంది.

"లేదత్తా. రేపు పోదామనుకుంటానే ఉంటాది. పోయేసరికి అంతా అయిపోయింటాది" అన్నాను.

లోపల రెండో సగానికి బెల్లు కొట్టారు. జనం పాప్‌కార్న్ పొట్లాలతో మమ్మల్ని దాటుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. ఆమె కొంగు నడుముకు దోపి లేచి నిలబడింది.

"ములాఖత్ ఎప్పుడు?" అని మొగుణ్ని అడిగింది.

"గురువారం."

"నేనొస్తా."

ఇద్దరూ గేటు దాటి వెళ్లిపోయారు. నేను మెట్లు రెండేసి ఎక్కి పైకి పరిగెత్తి ఆట మొదలుపెట్టాను. ఆలస్యమైనందుకు కుర్రాళ్లు ఈలలు వేశారు, వేయనీ అనుకున్నాను.

నెల తర్వాత చెన్నకేశవులు ఒక్కడే వచ్చాడు. నా మీద కోపం పోయినట్టుంది. లేకపోతే చెప్పుకోవడానికి ఇంకో మనిషి లేడేమో. "ఇనప జాలీ ఇవతల మా ఇంటిది, అవతల వాడు. వాడు ముందే ఏడుపు మొదలుపెట్టినాడు. ఇది ఏడవలే. ఆ పసిదాన్ని ఏం చేసినావురా, నాకు చెప్పు అనింది. కోర్టులో ఇన్నేండ్లు నోరిప్పనోడు వాళ్లమ్మకు మొత్తం చెప్పినాడు. చెప్పినంతసేపూ ఇది జాలీ మీద చెయ్యి తీయలే" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ములాఖత్‌కూ ఆమే ముందు తయారవుతోందట. హైకోర్టు తీర్పు అప్పటికి రాలేదు. ఆ తర్వాత ఆయన మా హాలుకు రాలేదు, తీర్పేమయిందో నేనూ వాకబు చేయలేదు.

ప్రతి కథ ముగింపూ ముందే తెలిసిన వృత్తి నాది. అందుకేనేమో ఎవరు ఎంత తట్టుకుంటారో కూడా నాకే తెలుసనుకునేవాణ్ని. నారాయణమ్మకు ధైర్యం కావాలని నేనూ, ఆమె మొగుడూ కలిసి ఒక అబద్ధం తెచ్చి ముందు పెట్టాం. ఆమెను జైలు దాకా నడిపించింది మాత్రం నేను చెప్పడానికి భయపడిన నిజమే.