ఏ దారిన వచ్చిన దుమ్ము

మా ల్యాబ్ సారు పోయారు. ఆదివారం పొద్దున్న అనకాపల్లి నుంచి సారు భార్య, అమ్మగారు, ఫోన్ చేసి, "మీ సారు ఎల్లిపోనారు బాబూ" అని పెట్టేశారు. అనుకుంటున్నదే అయినా, అదే నంబరుకు మళ్లీ ఫోన్ చేశాను.

అచ్యుతాపురంలో మేం పరీక్షించేది సిలికాన్ కార్బైడ్ పొడి. గాజును గీసేంత గట్టిది. చేరిన కొత్తలో రిపోర్టులో "మలినాలు ఉన్నాయి" అని రాసి పట్టుకెళితే సారు కాగితం నా మీదకే తోసేశారు. "మలినం అంటే ఏటి? దానికి ఊరూ పేరూ లేదేటి? ఏ దారిన వచ్చిందో సెప్పు" అన్నారు. ఇసుకా బొగ్గూ కలిపి ఫర్నేసులో చేసిన పొడిలో, కలవకుండా మిగిలిన బొగ్గు ఉంటుంది. ఉక్కు గుండ్లు తిరిగే మిల్లులో నూరితే ఇనుము అరిగి దిగుతుంది. గ్యాసుల నుంచి చేసింది కడిగిన ముత్యంలా ఉంటుంది గానీ, మరీ సన్నం కాబట్టి ఒంటినిండా ఆక్సిజన్ పులుముకుంటుంది. ఇదంతా ఆయన తిట్లతో పాటే నేర్చుకున్నాను. నా అన్నం ఆయన పెట్టిందే.

సారు జేబులో పాలిథిన్ కవరు చుట్టిన అయస్కాంతం ఉండేది. పొడిలో తిప్పి తీస్తే ఇనుము గెడ్డంలా వేలాడేది. ఆసిడ్‌లో కడిగితే పోయేది. "సూసేవా, ఎక్కడిదో తెలిత్తే కడగొచ్చు" అని మురిసిపోయేవారు. బెల్లం కొన్నా దాన్ని వండిన పెనం తుప్పు సంగతి అడిగేవారు. కొట్టువాడు దణ్ణం పెట్టేవాడు.

తర్వాత సారుకి దగ్గు మొదలైంది. విశాఖలో ఎక్స్‌రే చూసి డాక్టరు, "ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుంది" అన్నారు.

"ఏ దుమ్మండీ?" అన్నారు సారు.

"ఏదైతే ఏమిటండీ, ఇప్పుడు తీయలేం."

తిరుగు దారిలో సారు ఆ ఎక్స్‌రేని వెలుగుకు పట్టి చూస్తూనే ఉన్నారు. ల్యాబ్‌కు రాకముందు ఆయన క్వారీలో చేశారు, ఇనుము పోతపోసే ఫౌండ్రీలో చేశారు. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నన్నే అడిగేవారు. "క్వారీదంటావా? మన మిల్లుదంటావా?" మిగిలిన ఆశంతా ఆ ప్రశ్నలోనే పెట్టుకున్నారు. ఎక్కడిదో తెలిసినా, దాన్ని కడిగే ఆసిడ్ ఎక్కడా లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. బయటికొచ్చాక నాకు ఏడుపొచ్చేది.

సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరూ తలో గుప్పెడు మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చింది. మట్టిని బొటనవేలితో నలుపుతూ, సారు నేర్పినట్టే అందులో ఏం కలిసిందో వెతుకుతూ నిలబడిపోయాను.

వెనక మా మిల్లు ఆపరేటరు ఉన్నాడు. "ఎయ్యి బావ, అందరూ ఆగిపోనారు" అన్నాడు. అంటూనే దగ్గొచ్చి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మట్టి వదిలేశాను. వాడింకా దగ్గుతూనే ఉన్నాడు.