కలలో వినిపించిన గొంతు

భేస్తాన్ బట్టల మిల్లుల్లో ఏళ్ల తరబడి మరమగ్గాల మోతలో పనిచేసి బక్కయ్యకు చెవులు పూర్తిగా పోయాయి. ఆ తర్వాత పుట్టిన మనవరాలు హారతి గొంతు ఆయన ఎన్నడూ వినలేదు. నిద్రలోకి జారేటప్పుడు ఎరుక తప్పకుండా చూసుకుంటే కలను మన ఇష్టప్రకారం నడిపించుకోవచ్చని ఉన్న రాతను కూతురు నవత ఫోన్‌లో చూపించింది.

కనీసం కలలోనైనా ఆ గొంతు వినాలని బక్కయ్య రోజూ మధ్యాహ్నం పడుకుని శ్వాసనే గమనించేవాడు. ఒళ్లు కొయ్యబారి, గుండె మీద బరువు పడ్డట్టయి, భయంతో లేచి కూర్చునేవాడు.

ఒకనాడు ఓర్చుకున్నాడు. హారతి ఎదురుగా నిలబడింది. అది కలేనని ఆయనకు తెలుసు.

"జర మాట్లాడు బిడ్డా," అన్నాడు.

"ఏంది తాతా?"

అది చిన్ననాటి నవత గొంతు. మళ్లీ మళ్లీ మాట్లాడించాడు. అదే గొంతు. తాను వినని గొంతును కల మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

కళ్లు తెరిచేసరికి హారతి పక్కనే కూర్చుని ఏదో చెబుతోంది. కదులుతున్న ఆ పెదాలను చూడలేక బక్కయ్య గోడవైపు తిరిగాడు.