సేఫ్టీ వారంలో మునెమ్మ కట్టిన వేషం

2022 మార్చి. సూళగిరి పారిశ్రామికవాడలో, బండ్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసర్ని. మదనపల్లె నుంచి వచ్చి అప్పటికి నాలుగేళ్లు. ఏటా సేఫ్టీ వారంలో కార్మికుల చేత చిన్న నాటకం వేయించడం కూడా నా పనే. ఆ నాటకాల్లో తప్పెప్పుడూ కార్మికుడిదే, సుద్దులు చెప్పేది ఎప్పుడూ సేఫ్టీ ఆఫీసరే. రాసేది నేను కదా, అందులో నాకు వింతేమీ తోచలేదు.

ఆ ఏడు, గ్లవ్స్ మరిచి చెయ్యి కోసుకునే ప్రెస్ ఆపరేటర్ వేషం మునెమ్మకిచ్చాను. ఆమె దగ్గరి పల్లె నుంచి వచ్చే కాంట్రాక్ట్ కార్మికురాలు. అంటే, వద్దనుకుంటే కాంట్రాక్టర్ ఒక్క ఫోనుతో మాన్పించేయగలడు. రిహార్సల్లో బిగుసుకుపోతుంటే, రోజూ ఎట్లా పనిచేస్తావో అట్లాగే చెయ్యమ్మా అని ధైర్యం చెప్పాను.

ఆమె అక్షరాలా అదే చేసింది. రేకుల్ని అచ్చులో అదిమే మా ప్రెస్‌లకు టూ హ్యాండ్ కంట్రోల్ ఉంటుంది. రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగుతుంది కాబట్టి వేళ్లు లోపల ఉండే వీల్లేదు. స్టేజీ మీద, ప్లాంట్ హెడ్ ముందు, మునెమ్మ కోటు జేబులోంచి చిన్న చెక్కముక్క తీసి, మేం అట్టపెట్టెతో చేసిన ప్రెస్ బటన్ ఒకటి నొక్కుకునే ఉండేలా బిగించింది. ఖాళీ అయిన చేత్తో చకచకా రేకులు లోపల పెడుతూ, "ఇట్లా చేస్తేనే సార్, మీరడిగే టార్గెట్ అయ్యేది" అంది.

వెనక కూర్చున్న ఆడవాళ్లందరూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఆఫీసర్లెవరూ నవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్లుగా ఆ ప్రెస్‌ల చెక్‌లిస్టులో అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టింది నేనే.

సాయంత్రానికి, సోమవారం నుంచి రావద్దని కాంట్రాక్టర్ ఆమెకు చెప్పేశాడు. అది తెలిసి కూడా, అందరి ముందూ నా పరువు తీసిందన్న కోపం తగ్గలేదు. గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే వెళ్లి, ముందు నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీ కాడికొచ్చి చెప్తే తప్పు మాదేనని పేరు రాసుకుంటారు సార్" అంది. "మా ఊరి కూత్తులో కోమాళి వేషం కట్టినోడు పెద్దోళ్లను ఏమైనా అంటాడు. వేషంలో ఉన్నోన్ని ఎవురూ ఏమనరు. ఈడా అంతే అనుకున్నాను."

కూత్తు అంటే ఇక్కడి వీధినాటకం, కోమాళి అందులో నవ్వించేవాడు. మళ్లీ తనే అంది: "మొన్న పక్క మిషన్లో లచ్చిమి గ్లవ్ కొన తెగిపోయింది సార్. వేలు మిగిలింది. ఆ మాట యాడ చెప్పేది?"

ఇలా త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని మేం నియర్ మిస్ అంటాం. వెంటనే వెనక్కి వెళ్లి రిపోర్టు రాశాను. నా చెక్‌లిస్టు తప్పనీ, మునెమ్మ వల్లే విషయం బయటపడిందనీ, ఆమెను తీసేస్తే నిజాన్ని దాచినట్టేననీ రాసి సంతకం పెట్టాను. ప్లాంట్ హెడ్ నన్ను నిలబెట్టి కడిగేశాడు. కానీ కాగితం మీదికెక్కిన దాన్ని పక్కన పెట్టలేకపోయాడు. బటన్ ఇరుక్కుంటే ప్రెస్ దిగకుండా మార్పించారు, టార్గెట్ కాస్త తగ్గించారు. రెండు రోజులు ఇంట్లో కూర్చున్న మునెమ్మ బుధవారం పనిలోకి వచ్చింది.

మరుసటేడు నేను నాటకం రాయలేదు. మీరే కట్టుకోండి అన్నాను. మునెమ్మ నా దగ్గరికొచ్చి, "ఈతూరి మీ వేషం నాకియ్యండి సార్" అంది.

నా తెల్ల హెల్మెట్ పెట్టుకుని, ఫైల్లోంచి తల ఎత్తకుండా టిక్కులు కొట్టుకుంటూ ప్రెస్‌ల ముందు నుంచి నడిచిపోయింది. హాలంతా ఒకటే నవ్వులు. ముందు వరసలో నేనూ నవ్వాను. వేషంలో ఉన్నవాళ్లను ఏమీ అనకూడదు కదా. ఆ మర్నాటి నుంచి ఫైలు ఆఫీసులోనే వదిలేసి ప్రెస్ షాపులోకి వెళుతున్నాను.