శనివారాలు కాలిన్ షెడ్డులో లేడు

నేనొక మనిషి పరువు తీశాను. ఆయన చేయని తప్పును ఆయన పేరు మీద ఉండనిచ్చాను. ఇన్నేళ్ళూ ఆ సంగతి నాలోనే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పబోయినప్పుడల్లా అది గొంతు దాకా వచ్చి మరో మాటగా మారిపోయేది. వాన గురించో, రైలు ఆలస్యం గురించో ఏదో అనేసి ఊరుకునేదాన్ని.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఒంటరితనం దగ్గర మొదలుపెడితే సాకు వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. కానీ అది లేకుండా చెబితే నిజం సగమే అవుతుంది.

అప్పుడు ఇంగ్లండులో, స్టీవెనేజ్‌లో ఒక షేర్డ్ హౌస్‌లో చిన్న గది నాది. మాస్టర్స్ అయ్యాక కేంబ్రిడ్జ్ దగ్గరి సైన్స్ పార్కులో ఉద్యోగం దొరికింది. రబ్బరు సీళ్ళు, గొట్టాలు ఏ నూనెకు మెత్తబడతాయో, ఏ వేడికి పగులుతాయో చూసే ల్యాబు. పొద్దున రైలు, సాయంత్రం రైలు. ల్యాబులో అందరూ మర్యాదస్తులే. గుడ్ మార్నింగ్ అనేవాళ్ళు, వాతావరణం బాగుందనేవాళ్ళు. నా పేరు పలకడం కష్టమని ఎవరూ పలికేవాళ్ళు కాదు. శుక్రవారం సాయంత్రం గదిలోకి వచ్చి తలుపు వేసుకుంటే సోమవారం దాకా నా గొంతు నాకే వినిపించని వారాలున్నాయి.

పక్క గదిలో సునీతక్క ఉండేది. నరసరావుపేట వైపు మనిషి, నాకంటే చాలా పెద్దది. ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో నర్సు. డ్యూటీకి వెళ్ళేముందు మెట్ల మీద నిలబడే ప్రార్థన చేసుకునేది, ఆ వెంటనే షూ లేసు తెగిందని తిట్టుకునేది. ఒకరోజు నా తలుపు తట్టి, "అమ్మాయ్, ఆదివారం ఖాళీయేనా? కార్లు గుద్దుకోడం చూద్దువుగాని రా," అంది. అలా నేను కాలిన్ దగ్గరికి, ఒకప్పుడు రేసు కార్లు నడిపిన పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

కాలిన్ భార్య చివరి రోజులు సునీతక్క పనిచేసే కేర్ హోమ్‌లోనే గడిచాయి. ఆయన రోజూ వచ్చి ఆమె మంచం పక్కన కూర్చుని, తన పాత రేసుల కథలు చెప్పేవాడట. ఆమెకు వినిపించేదో లేదో గానీ, మందులిస్తూ, పక్క మారుస్తూ సునీతక్క వినేది. భార్య పోయాక కూడా కాలిన్ ఆ కథలు చెప్పడానికి కేర్ హోమ్ రిసెప్షన్ దాకా వచ్చేవాడు. ఒకరోజు సునీతక్క, "నాకు నడపనిస్తారా?" అని అడిగింది. ఆయన నవ్వాడు. "మిర్చి లోడు ట్రాక్టరు గుంటూరు యార్డులో రివర్సు కొట్టినదాన్ని. మీ కారెంత?" అని ఆమె తెలుగులోనే అని, తర్వాత ఇంగ్లీషులో చెప్పిందట.

ఆ ఆట చూడనివాళ్ళకు ఒక్క మాట. గుండ్రటి చిన్న తారు ట్రాకు మీద, ముందూ వెనకా ఇనుప బంపర్లు బిగించిన కార్లు తిరుగుతుంటాయి. ముందున్న కారు అడ్డమొస్తే గుద్ది తప్పించడం అక్కడ నేరం కాదు, అదే ఆట. కొత్తవాళ్ళ కారుకు తెల్ల పైకప్పు. గెలిచేకొద్దీ పసుపు, నీలం, చివరికి ఎరుపు. ఎరుపు రంగు కారు అందరికంటే వెనక నుంచి బయల్దేరాలి. అయినా ప్రతివాళ్ళూ ఆ రంగే కోరుకుంటారు.

మా కారుది తెలుపు. టీమంటే ముగ్గురమే. ఒక రైతు పొలంలో అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డు మా గ్యారేజీ. కాలిన్ ఇంజనూ, స్ప్రింగులూ చూసేవాడు. సునీతక్క నడిపేది. నేను టైర్లు కడిగేదాన్ని, గాలి కొలిచేదాన్ని, ఫ్లాస్కులో టీ పోసేదాన్ని. కాలిన్ నా పేరును కాగితం మీద ముక్కలుగా రాసుకుని, స్పానర్ తిప్పుతూ గొణుక్కుంటూ సాధన చేశాడు. ఓ ఆదివారం ట్రాకు దగ్గర, అంత చప్పుడులో, ఆ పేరు సరిగ్గా పిలిచాడు. వెనక్కి తిరిగి చూడటానికి నాకు కాసేపు పట్టింది. ఆ దేశంలో నన్నలా పిలిచిన మొదటి తెల్లాయన ఆయనే.

రెండో సీజను సగమయ్యేసరికి కూడా మా పైకప్పు పసుపు దాటలేదు. కాలిన్ వెనక స్ప్రింగులు మార్చేవాడు, మళ్ళీ మార్చేవాడు. సునీతక్క భుజం పట్టేసేది. ఒకరోజు తిరుగు దారిలో ఆమె, "ఈ సీజనుతో ఆపేద్దామనుకుంటున్నా. డ్యూటీ రోటా కుదరట్లేదు, ఒళ్ళూ కుదరట్లేదు," అంది. కాలిన్ తలూపాడు. ఇద్దరూ శాంతంగానే ఉన్నారు. వెనక సీట్లో నేను ఖాళీ ఫ్లాస్కు మూత మళ్ళీ మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాను. వాళ్ళకు ఆగిపోయేది ఒక సరదా. నాకు ఆగిపోయేవి ఆదివారాలు.

ఆ మాటే అప్పుడు పైకి అనివుంటే? "నాకు మీరిద్దరు తప్ప ఎవరూ లేరు, కారు ఆపినా నన్ను ఆపకండి" అనివుంటే, వాళ్ళు నవ్వి అన్నం తినడానికి పిలిచేవాళ్ళు. కచ్చితంగా పిలిచేవాళ్ళు. ఈ సంగతి నాకిప్పుడు తెలుసు. అప్పుడు సిగ్గేసింది. మనుషుల్ని అడగడం చేతకాలేదు. రబ్బరు సంగతి మాత్రం చేతనయింది.

శనివారం మధ్యాహ్నాలు కాలిన్ సమాధుల తోటకు వెళ్ళేవాడు, భార్య దగ్గరికి. షెడ్డు తాళం నాకిచ్చేవాడు. "సునీతకు చెప్పకు. డ్యూటీ మార్చుకుని మరీ తోడొస్తానంటుంది," అన్నాడు. నిజమే, శనివారాలు ఆమెకు డ్యూటీ. కాబట్టి శనివారం మధ్యాహ్నం ఆ షెడ్డులో టైర్లూ నేనూ మాత్రమే. రబ్బరును మెత్తబరిచే ద్రవం ఒకటి ల్యాబు నుంచి చిన్న సీసాలో తెచ్చాను. మెత్తటి టైరు తారును గట్టిగా పట్టుకుంటుంది, మలుపుల్లో కారు జారదు. అలా చేయడం రూల్సు ప్రకారం పూర్తిగా నిషేధం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే బ్రష్షు ముంచాను.

మరుసటి రోజు సునీతక్క గెలిచింది.

ఆ గెలుపును ఎలా చెప్పను? కారు దిగి హెల్మెట్ తీసి, చెమటతో అతుక్కుపోయిన జుట్టుతోనే మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. కాలిన్ ఆమెను చూడటం లేదు. వంగి వెనక చక్రం పైనున్న స్ప్రింగును చూస్తున్నాడు. తర్వాత లేచి నా భుజాలు పట్టుకుని, "స్ప్రింగులు! చివరికి కుదిరాయి. నా చేతులింకా చచ్చిపోలేదు," అన్నాడు. కళ్ళలో నీళ్ళు. నేను అవునన్నాను. ఆయనకు అబద్ధపు గర్వం ఇచ్చాను. దానికి నేనూ సంతోషించాను, అదే విచిత్రం. ఆ రోజు నా అంత సంతోషంగా ఎవరూ లేరు.

ఒక్కసారితో ఆపుదామనుకున్నాను. ప్రతి శనివారం అలాగే అనుకున్నాను. పైకప్పు నీలమైంది. కొత్త సీజనులో ఎరుపైంది. లండన్ పక్కనున్న హౌన్‌స్లో అనే చోటు నుంచి తెలుగు కుర్రాళ్ళు, సునీతక్క చర్చి ఆంటీలు వ్యాన్లలో వచ్చి ఈలలు వేసేవాళ్ళు. తడి బెంచీల మీద పులిహోర డబ్బాలు తెరుచుకునేవి. మైకులో సునీతక్క పేరు తప్పుగా పలికితే కాలిన్ చేతికర్ర ఊపుకుంటూ వెళ్ళి సరిచేయించేవాడు. ఒకప్పుడు ఆయన పక్కన రేసు చేసిన ముసలివాళ్ళు వచ్చి ఆ స్ప్రింగుల రహస్యమేమిటని అడిగేవాళ్ళు. ఆయన ఓపిగ్గా చూపించేవాడు. వాళ్ళు ఇళ్ళకెళ్ళి అలాగే బిగించుకునేవాళ్ళు. వాళ్ళకు పనిచేసేది కాదు.

సీజను చివరి పెద్ద రేసు గెలిచాక అధికారులు మా వెనక టైరు నుంచి చిన్న ముక్క కోసుకుని పరీక్షకు పంపారు. కొన్ని వారాల తర్వాత ఫలితం వచ్చింది. టైరులో ఉండకూడనిది ఉంది.

విచారణ ఒక క్లబ్బు గదిలో జరిగింది. ముగ్గురం వరసగా కూర్చున్నాం. కారు కాలిన్ పేరున ఉంది, కాబట్టి ప్రశ్నలన్నీ ఆయనకే. టైర్లకు మందు రాశావా? లేదు. మరెవరు రాశారు? తెలియదు. షెడ్డులోకి ఎవరెవరు వెళ్తారు? నా ఉద్యోగమేమిటో ఆ గదిలో ఆయన ఒక్కడికే సరిగ్గా తెలుసు. పగిలిన సీలు ఒకటి ఇచ్చి, ఎందుకు పగిలిందో నాచేత చెప్పించుకున్న మనిషి ఆయన. సునీతక్కకైతే నాది ఏదో 'పైపుల ల్యాబు'. శనివారాలు నేనక్కడ ఉండను, నా భార్య సమాధి దగ్గర ఉంటాను అని ఒక్క మాట అంటే చాలు, తాళం ఎవరి దగ్గర ఉండేదో తేలిపోతుంది. ఆయన నావైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు. వెతుకుతున్నట్టు చూశాడు. నేను నా చేతుల్ని చూసుకున్నాను. "షెడ్డు నాది. బాధ్యత నాది. నేను రాయలేదు," అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. ఆయన్ని జీవితాంతం నిషేధించారు. సునీతక్క గెలుపులన్నీ కొట్టేశారు.

అప్పటికైనా చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదు? వీసా పోతుందని భయం. ల్యాబు నుంచి సీసా తెచ్చానని తెలిస్తే ఉద్యోగం పోతుందని భయం. ఇవన్నీ నిజాలే, కానీ ఇవి నేను తర్వాత పేర్చుకున్నవి. ఆ గదిలో నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే: చెబితే వీళ్ళిద్దరూ ఇక నా ముఖం చూడరు.

ఇంతవరకు చెప్పింది పిరికితనం. దాన్ని ఎలాగో మింగి బతికేయవచ్చు. దాని తర్వాతిది మింగుడుపడదు.

ఆ సాయంత్రం సునీతక్క కారులో ఇంటికి వస్తున్నాం. వాన పడుతోంది. ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"నిజం చెప్పమ్మాయ్. ఆయనేనా?"

"నాకెలా తెలుస్తదక్కా."

"నువ్వెప్పుడూ ఆ షెడ్డులోనే ఉంటావుగా. ఏదీ చూళ్ళేదా?"

"నేను చూళ్ళేదు. కానీ..." ఆగాను. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. "శనివారాలు ఆయనొక్కడే ఉండేవాడు కదా."

వైపర్లు కొట్టుకుంటున్నాయి. "ఆయన భార్యకు నేనే కళ్ళు మూశాను. నన్నిలా మోసం చేస్తాడా?" అంది. ఆ గొంతు అంత నెమ్మదిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఆయన పువ్వులు పట్టుకుని భార్య దగ్గరికి వెళ్ళిన ఆ గంటల్నే తీసి, ఆయన మీద సాక్ష్యంగా పెట్టాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. "తెలియదక్కా" అంటే సరిపోయేది.

సునీతక్క మళ్ళీ కాలిన్ ముఖం చూడలేదు. ఆయన ఫోన్ చేస్తే తీయలేదు. క్రిస్మస్‌కు కార్డు వస్తే విప్పకుండా వంటింట్లో చెత్త బిన్ మీద పెట్టింది, తర్వాత అందులో పడేసింది. వేసవికల్లా వేల్స్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. కాలిన్ కారును తనే ముక్కలుగా కోసి పాత ఇనుముకు వేశాడని రైతు చెప్పాడు. ట్రాకు దగ్గర ఆయన పేరు ఒక ఎగతాళి అయింది. స్ప్రింగుల గురించి అడిగిన ముసలివాళ్ళే, ఎవరైనా అనుకోకుండా గెలిస్తే "కాలిన్ స్ప్రింగులా?" అని నవ్వుకునేవాళ్ళట. నేనా? ఎవరినైతే పోగొట్టుకోకూడదని ఇంత చేశానో, వాళ్ళిద్దరినీ పోగొట్టుకుని షేర్డ్ హౌస్‌లోని నా చిన్న గదిలోనే మిగిలాను.

కాలిన్‌ను ఆ తర్వాత ఒక్కసారే చూశాను, సూపర్‌మార్కెట్లో, పాల సీసాల దగ్గర. చిక్కిపోయాడు. నన్ను పేరు పెట్టి పిలిచాడు, ఎప్పటిలా సరిగ్గా. బాగున్నావా, సరిగా తింటున్నావా అని అడిగాడు. ఆయనకు తెలుసా? తెలిసే అలా అడిగాడా? తెలియక అడిగాడా? రైలు పట్టుకోవాలని చెప్పి వెళ్ళిపోయాను. ఆ రోజు ఆదివారం. నాకే రైలూ లేదు.

ఆయన పోయాడని రైతు మెసేజ్ పెట్టాడు. క్రిమటోరియంకు వెళ్ళాను. రేసులవాళ్ళు ఒక్కరూ రాలేదు. నలుగురైదుగురం ఉన్నాం. ఆయన చెల్లెలట, ఒక పెద్దావిడ, నా దగ్గరికొచ్చి కారు టీములో అమ్మాయివా అని అడిగింది. కాదు, పక్క వీధిలో ఉంటానన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, గుర్తుపెట్టుకుని వచ్చినందుకు సంతోషమంది.

సునీతక్క నంబరు ఇంకా నా ఫోనులో ఉంది. అప్పుడప్పుడు ఆమె ప్రొఫైల్ ఫొటో మారుతుంటుంది. జుట్టు తెల్లబడింది. ఆమెకు చెబుతానని మీకు మాటివ్వలేను, ఇలాంటి మాటలు నాకు నేనే చాలాసార్లు ఇచ్చుకున్నాను. క్షమించమని మిమ్మల్నీ అడగను. క్షమించాల్సిన మనిషి లేడు. ఉన్న మనిషి, తాను ద్వేషించింది ఒక నిర్దోషిని అని తెలిస్తే ఏమైపోతుందో ఊహించలేను. చెప్పకపోవడం ఆమె మీద దయా, నా మీద నాకున్న దయా?

ఇదంతా రాశాక ఒక పని చేశాను. కుర్చీలోంచి లేచి, ఎవరూ లేని గదిలో పైకే అన్నాను. టైర్లకు మందు రాసింది నేను. కాలిన్ ఏ తప్పూ చేయలేదు. గొంతు కీచుగా, ఎవరిదో అన్నట్టు వినిపించింది. అయినా మాట వేరే మాటగా మారలేదు, చివరిదాకా వచ్చింది.

తర్వాత ఇంగ్లీషులో మళ్ళీ అన్నాను. కాలిన్‌కు తెలుగు రాదు.